మనము కోరని సరుకు

ధ్యానమునకు చదువవలసిన భాగములు: ఆదికాండము 23వ అధ్యాయము; ఆమోసు 8:4–6; మత్తయి 13:24–30

ఆమోసు ప్రవక్త పశువులను కాచుకొనినవాడు, పట్టణపు వర్తకుడు కాడు. అయినను సంతలో ఏమి జరుగునో ఆయనకు బాగుగా తెలిసియున్నది. ధాన్యము అమ్మువారిమీద ఆయన మోపిన నేరములు ముఖ్యముగా మూడు. కొలపాత్రను చిన్నది చేసిరి. త్రాసును మోసమునకు దిద్దుకొనిరి. మూడవది, మంచి గింజలతో కూడ పనికిరాని చెత్తను అమ్మిరి. మొదటి రెండింటిని గూర్చి మన సంఘములలో తరచుగా వినుచున్నాము. మూడవదానిని మాత్రము చదివి దాటిపోవుచున్నాము.

ఈ మూడవ నేరము మొదటి రెండింటివంటిది కాదు. కొలత తగ్గించినప్పుడు మనము అడిగినది మనకు తక్కువగా వచ్చును. చెత్త కలిపినప్పుడు మనము అడుగనిది, అడిగినదాని ధరకే వచ్చును. దానిని మోసికొని ఇంటికి తెచ్చుట మన వంతు. చేటలో పోసి చెరుగుట మన వంతు. పెంటమీద పారవేయుట కూడ మన వంతే. చెత్తను వదిలించుకొనిన వర్తకుడు లాభము పొందును. దానిని ఎత్తిపోయు కూలి పని బీదవానిమీద పడును.

ఆదోని మార్కెట్ యార్డునకు ప్రత్తి తోలిన రైతులకు ఈ మాట క్రొత్తగా చెప్పనక్కరలేదు. భారత ప్రత్తి సంస్థవారు మద్దతు ధరకు కొనునప్పుడు ప్రత్తిలో తేమ ఎంత ఉన్నదో యంత్రము పెట్టి చూతురు. తేమ 8 శాతము దాటిన కొలది ధర తగ్గించుదురు; 12 శాతము దాటినచో కొననే కొనరు. మనకిది ఒక్కొక్కప్పుడు కష్టముగా తోచినను, దీనియందొక న్యాయమున్నది. ప్రత్తికి ధర ఇచ్చువాడు నీళ్లకు ధర ఇయ్యనక్కరలేదు. మంచిదే. అయితే ఈ న్యాయము ఒక్క ప్రక్కకేనా? ప్రత్తి అమ్మిన డబ్బుతో రైతు పట్టణములో ఒక వస్తువు కొన్నప్పుడు, దానిలోని తేమను చూచు యంత్రము ఎవరియొద్ద ఉన్నది?

క్రొత్త పెట్టెలో పాత పొట్టు

నేను చెప్పబోవునది క్రొత్త కంప్యూటరులలోను ఫోనులలోను ముందుగానే ఎక్కించి పంపు సాఫ్ట్‌వేరును గూర్చి. ఇది పట్టణస్థుల సంగతి అని ఎవరును పుట త్రిప్పకుందురు గాక. కోసిగి, మంత్రాలయము, పెద్దకడుబూరు వైపు పల్లెలనుండి సుగ్గికి పోయి, గుంటూరు సీమలో మిరపకాయలు కోసి, ఆ కూలి డబ్బుతో కుమార్తె కాలేజీ చదువునకు లాప్‌టాప్ కొనిపెట్టిన తలిదండ్రులు నేడు మన సంఘములలో కలరు. కొందరు వాయిదాలమీద కొనుచున్నారు. అది ఆ ఇంటిలో ఎద్దుల జతవలె విలువగల వస్తువు.

ఆ పెట్టె తెరచి మీట నొక్కగానే ఏమి కనబడును? ఆ పిల్లకు కావలసినది వ్రాసుకొను సాధనము, పాఠములు చూచుకొను సాధనము. అవి ఉండవచ్చును, ఉండకపోవచ్చును. గాని ఆమె అడుగని వస్తువులు మాత్రము వరుసగా కూర్చుండియుండును. ఏవో ఆటలు, ఏవో అంగళ్ల గుర్తులు, కంపెనీవారి ప్రకటనలు, ముప్పది దినములో అరువది దినములో పనిచేసి నిలిచిపోవు యాంటీవైరస్ ఒకటి. వీటిలో కొన్ని యంత్రము తెరచిన ప్రతిసారియు తమంతట తామే మేల్కొని వెనుకనుండి పనిచేయుచుండును. చౌక లాప్‌టాపులో జ్ఞాపకశక్తి మొదటనే తక్కువ. అందులో ఈ అతిథులు కొంత తినివేసిన తరువాత పిల్ల పనికి మిగులునది మరి కొంచెమే. క్రొత్తది కొన్న నెలకే నెమ్మదించినదని ఇంటివారు విచారపడుదురు.

అంతకంటె బాధాకరమైనది ఆ గడువు ముగిసిన దినమున జరుగును. తెరమీద ఎఱ్ఱని గుర్తుతో ఒక హెచ్చరిక లేచును. నీ కంప్యూటరునకు అపాయము, వెంటనే సొమ్ము చెల్లించుము అని ఇంగ్లీషులో దాని భావము. ఆ హెచ్చరిక చూచిన తండ్రి దానిని ప్రభుత్వపు నోటీసో, బ్యాంకువారి నోటీసో అనుకొనినను ఆశ్చర్యము లేదు. నిజమేమనగా, నేటి విండోస్ 10, విండోస్ 11 యంత్రములలో డిఫెండర్ అను రక్షణ సాధనము వేరే సొమ్ము లేకుండనే ఉన్నది. గడువు తీరిన ఆ యాంటీవైరస్‌ను తీసివేసినచో ఇది తనంతట తానే పని ప్రారంభించును. గాని హెచ్చరిక ఆ సంగతి చెప్పదు. భయపెట్టుటయే దాని పని. భయపడువాడు ఇంగ్లీషు రానివాడు, అడుగుటకు మనిషి లేనివాడు.

ఎందుకు ఎక్కింతురు?

దీని వెనుక మర్మమేమియు లేదు. కంప్యూటరు చేయు కంపెనీల మధ్య పోటీ మిక్కిలి తీవ్రము. ఒక్కొక్క యంత్రముమీద మిగులు లాభము స్వల్పము. మా సాధనమును మీ యంత్రములో ముందే ఎక్కించి పంపుడని సాఫ్ట్‌వేరు కంపెనీలు వారికి సొమ్ము చెల్లించును. ఏలయనగా మనుష్యులలో ఎక్కువమంది ఎదుట ఉన్నదానినే వాడుకొందురు, వెదకి మార్చుకొనరు. ఈ బద్ధకమునకు, ఈ తెలియమికి సంతలో ఒక ధర కట్టబడినది. అనగా ఆ పిల్ల లాప్‌టాప్ కొనిన దినమున రెండు అమ్మకములు జరిగినవి. ఒకటి, ఆమెకు యంత్రము అమ్మబడుట. రెండవది, ఆమె చూపును, ఆమె సమయమును వేరొకరికి అమ్మబడుట. మొదటిదానికి రసీదు ఇచ్చిరి. రెండవది ఆమెకు చెప్పనే లేదు.

ఇది ఎంతదూరము పోగలదో 2015లో లోకము చూచినది. లెనోవో కంపెనీవారు అంతకుముందటి సంవత్సరమున అమ్మిన కొన్ని లాప్‌టాపులలో సూపర్‌ఫిష్ అను కంపెనీవారి ప్రకటనల సాఫ్ట్‌వేరును ఎక్కించి పంపిరి. మనుష్యులు చూచు పుటలలో ప్రకటనలు చొప్పించుట దాని పని. అందుకొరకు అది బ్యాంకులవంటి సంస్థలతో రహస్యముగా జరుగవలసిన సంభాషణ మధ్యలో కూడ దూరినది. తలుపునకు ఒక దొంగ తాళపుచెవి చేసికొనినట్లు, నమ్మకపు ముద్ర ఒకటి తానే తయారుచేసికొని యంత్రములో పెట్టినది. అన్ని యంత్రములకును అదే తాళపుచెవి! దానిని ఒకడు కనిపెట్టినచో అందరి తలుపులు తెరచినట్లే. 2015 ఫిబ్రవరిలో సంగతి బయటపడినప్పుడు అమెరికా ప్రభుత్వపు భద్రతాశాఖవారు దానిని తీసివేయుడని ప్రజలను హెచ్చరించిరి. 2017 సెప్టెంబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తోను 32 రాష్ట్రములతోను ఆ కంపెనీ రాజీపడి, రాష్ట్రములకు 35 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. ఇకమీదట అట్టి సాఫ్ట్‌వేరు ఎక్కింపవలెనన్న కొనువాని స్పష్టమైన సమ్మతి పొందవలెనని ఆ రాజీలో నిబంధన.

మరియొక సంగతి వినుడి. 2008లో సోనీ కంపెనీవారు కొన్ని లాప్‌టాపులను ఈ అదనపు సరుకు లేకుండ శుభ్రముగా ఇత్తుమని ప్రకటించి, ఆ శుభ్రతకు 50 డాలర్లు వేరుగా అడిగిరి. జనులు గట్టిగా ఆక్షేపింపగా వెంటనే ఆ రుసుమును తీసివేసిరి. గింజలలో పొట్టు కలిపినవాడే, పొట్టు లేని గింజలు కావలెనన్న అదనముగా చెల్లించుమనినట్లున్నది గదా!

కొనుట అనగా ఏమి?

ఇక్కడ మనము ఆగి ఆలోచింపవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఒక వస్తువును కొన్నాననునప్పుడు నేను నిజముగా ఏమి కొన్నాను?

పరిశుద్ధ గ్రంథములో విపులముగా వర్ణింపబడిన మొదటి భూమి కొనుగోలు అబ్రాహాముది. శారా మరణించినప్పుడు ఆమెను పాతిపెట్టుటకు ఆయన మక్పేలా గుహను కొనెను. ఆ అధ్యాయమును మెల్లగా చదివినచో మూడు సంగతులు తేటపడును. మొదటిది, ఆ బేరము ఊరి గవినియొద్ద అందరు వినుచుండగా జరిగెను. రెండవది, భూమిని ఊరకయే ఇత్తుమని ఆ దేశస్థులు చెప్పినను ఆయన అంగీకరింపలేదు. నిండు వెల తూచి ఇచ్చెను. మూడవది, కొన్నదానిలో ఏమేమి ఉన్నదో స్పష్టముగా చెప్పబడెను. పొలము, గుహ, పొలిమేరలోని చెట్లు కూడ లెక్కలోనికి వచ్చెను.

అబ్రాహాము ఊరక వచ్చుదానిని ఎందుకు వలదనెను? ఆయన పరదేశి. ఊరక ఇచ్చినవాడు రేపు వచ్చి, ఇది నా దయవలన నీకు కలిగినది, ఇందులో నాకును మాట ఉన్నది అనవచ్చును. తన భార్య సమాధిమీద వేరొకని మాట నిలువకూడదని ఆయన కోరిక. వెల చెల్లించుట ఆయనకు భారము కాదు, స్వాతంత్ర్యము.

దీనినిబట్టి కొనుట అనగా ఏమో కొంత తెలిసికొనవచ్చును. కొన్నవానికి ఆ వస్తువును వాడుకొను హక్కు ఉండవలెను. తనకు వలదన్నదానిని దానిలోనుండి వెళ్లగొట్టు హక్కు ఉండవలెను. దానిలో ఏమున్నదో కొనకముందే తెలిసికొను హక్కు ఉండవలెను. ఇల్లు అమ్మినవాడు ఒక గదిలో తన బంధువును కాపురముంచి పోయినయెడల, ఇల్లు కొన్నవాడు పూర్తిగా ఇంటివాడగునా? చౌక ఫోనులలో జరుగునది ఇదే. వాటిలో కొన్ని యాప్‌లను తీసివేయుటకు వీలు లేదు. నిద్రపుచ్చుటకు మాత్రమే వీలున్నది. ఫోనును మొదటి స్థితికి తెచ్చినచో అవి మరల లేచి కూర్చుండును. మొదటి స్థితిలోనే అవి ఉన్నవి గనుక!

మీరు సమ్మతించితిరి గదా అని కంపెనీవారు చెప్పుదురు. అంగీకరించుచున్నాను అను మీట నొక్కనిదే యంత్రము ముందుకు పోదు; దాని వెనుక ఉన్న షరతులు పుటలకొలది ఇంగ్లీషు. దుకాణములో సొమ్ము చెల్లించి, ఇంటికి తెచ్చి, పెట్టె చింపిన తరువాత అడుగు సమ్మతి ఏపాటిది? వలదనుటకు దారి లేనప్పుడు సరే అనుట మాట కాదు, మౌనమే. గవినియొద్ద పదిమంది ఎదుట జరిగిన బేరమునకును, మూసిన పెట్టెలో దాచిన బేరమునకును ఎంత దూరము!

ఒక ఆక్షేపణ: ధర తగ్గును గదా?

న్యాయముగా ఆలోచింపగోరువారు ఎదుటివాని మాటకూడ వినవలెను. ఈ ఎక్కింపుల సొమ్మువలననే యంత్రము చౌకగా వచ్చుచున్నది, అది లేకున్న బీదవాడు కొననేలేడు అని కొందరందురు. ఇది తీసిపారవేయదగిన మాట కాదు. వెయ్యి రూపాయలు తగ్గుట మన పల్లెలో చిన్న సంగతి కాదు.

అయితే ఆ తగ్గింపు నిజముగా బీదవానికొరకైనచో, దానిని దాచనేల? రెండు ధరలు వ్రాసి పెట్టవచ్చును. ఇది శుభ్రమైనది, దీని వెల ఇంత. ఇది ప్రకటనలతో కూడినది, దీని వెల ఇంత. నీ ఇష్టము. ఇది సాధ్యముకాని పని కాదు. 2011లో అమెజాన్ కంపెనీవారు కిండిల్ అను పుస్తకములు చదువు యంత్రమును ప్రకటనలతో 114 డాలర్లకును, ప్రకటనలు లేకుండ 139 డాలర్లకును అమ్మిరి. కొనువానికి బేరమేమో తెలిసెను. తెలిసి చౌకదానిని తీసికొనినవానిని ఎవరును మోసపుచ్చినట్లు కాదు. కనుక పొట్టు అమ్ముటయే పాపమని చెప్పుట నా ఉద్దేశము కాదు. పశువులకు మేపుటకు మనమే పొట్టు కొందుము. గింజల సంచిలో, గింజల పేరట, చెప్పకుండ అమ్ముటయే తప్పు.

మరియు, ఆ చౌకదనమునకు చివరకు వెల ఎవరు ఇచ్చుచున్నారో చూడుడి. తెలిసినవాడు ఇంటికి రాగానే అన్నిటిని తీసివేయును; అతనికి తగ్గిన ధర మాత్రము మిగులును. తెలియనివాడు భయపడి గడువు తీరినదానికి సంవత్సరము సంవత్సరము సొమ్ము కట్టును. అనగా తెలియనివాని జేబునుండి తీసి తెలిసినవానికి తగ్గింపు ఇచ్చుచున్నారు. దీనిని బీదలకు ఉపకారమని ఎట్లు చెప్పగలము?

రెండవ ఆక్షేపణ: ముందుగా ఎక్కించినదంతయు చెడ్డదా?

ఎమ్మిగనూరు మగ్గములయొద్ద పుట్టి పెరిగినవారు ఈ ప్రశ్నకు నాకంటె బాగుగా జవాబు చెప్పగలరు. పడుగునకు గంజి పెట్టనిదే నేత సాగదు. దారము తెగకుండ నిలుచుటకు గంజి కావలెను. అది నేతపనిలో భాగము. గాని పలుచని బట్టను ఒత్తుగా కనబరచుటకు గంజి దట్టముగా పట్టించి అమ్మినచో అది మోసము; ఒక్క ఉతుకుతో గుట్టు బయటపడును. గంజి ఒక్కటే. ఒకటి బట్టకొరకు, మరియొకటి అమ్మువాని లాభముకొరకు. కనుక ముందుగా ఎక్కించినదానిని గూర్చి మనము అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఎవరి మేలుకొరకు ఇది ఇక్కడ ఉన్నది?

మన రాష్ట్రములోనే ఒక దృష్టాంతమున్నది. 2022 జూలై 5న ఆదోనిలో పాఠశాల పిల్లలకు విద్యా కానుక పంచిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 21న ప్రభుత్వ పాఠశాలలలోని ఎనిమిదవ తరగతి పిల్లలకును ఉపాధ్యాయులకును కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చుట ప్రారంభించిరి. వాటిలో బైజూస్ కంపెనీవారి పాఠములు ముందుగానే ఎక్కింపబడినవి. పిల్లలు పాఠములు తప్ప వేరొకటి చూడకుండ కాపలా సాఫ్ట్‌వేరును కూడ పెట్టిరి. ఆ కాపలా పిల్లలు అడిగినది కాదు. అయినను అది కొనువాని ఎరుగనితనమును అమ్ముకొనుటకు పెట్టినది కాదు, పిల్లల మేలునకు పెట్టినదని ప్రభుత్వము బాహాటముగా చెప్పెను. వారసుడు ఆస్తి అంతటికి కర్తయైనను, బాలుడుగా ఉన్నంతకాలము సంరక్షకుల చేతిక్రింద ఉండునని అపొస్తలుడైన పౌలు గలతీయులకు వ్రాయుచున్నాడు. ఆ కాపలాయందు అవమానము లేదు.

అయితే పౌలు చెప్పిన మాటలో ఒక గడువు కూడ ఉన్నది. సంరక్షణ ఎల్లకాలము నిలుచునది కాదు. తండ్రి నిర్ణయించిన దినమున అది ముగియును. మరియు సంరక్షకుడు నిలువగలవాడై ఉండవలెను. ఆ పాఠములిచ్చిన కంపెనీయే 2024 జూలైలో దివాలా విచారణలోనికి వెళ్లెను. ముందుగా ఎక్కించినవాడు పడిపోయినచో, అతనిమీద ఆనుకొనినవాడు ఎవరిని అడుగవలెను? మేలుకొరకు పెట్టినదానినిగూర్చి కూడ ఈ ప్రశ్న అడుగుట కృతఘ్నత కాదు, వివేకము.

ప్రభుత్వమే అయినను ఈ న్యాయమునకు లోబడవలసినదే. 2025 డిసెంబరు ఆరంభమున ఒక వార్త వచ్చెను. సంచార్ సాథీ అను యాప్‌ను క్రొత్త ఫోనులన్నిటిలో ముందుగానే ఎక్కింపవలెనని కేంద్ర టెలికం శాఖ ఫోను కంపెనీలకు ఆజ్ఞ ఇచ్చినది. దొంగిలింపబడిన ఫోనులను కనుగొనుటకు, మోసములను ఆపుటకు పనికివచ్చు సాధనమే అది. అయినను అడుగకుండ అందరి ఫోనులలో పెట్టుట ఏమని దేశమంతట ప్రశ్నలు లేచెను. డిసెంబరు 3న ఆ నిర్బంధమును తీసివేసిరి. కావలసినవారు తామే ఎక్కించుకొందురు. మంచి వస్తువైనను తలుపు తట్టి రావలెను గాని గోడ దూకి రాకూడదని ఈ సంగతి నేర్పుచున్నది.

దీనికి కొంత ముందు, 2022 అక్టోబరు 20న, భారత కాంపిటీషన్ కమిషన్‌వారు గూగుల్ కంపెనీకి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించిరి. ఫోను చేయువారు తన యాప్‌ల కట్టనంతటిని కలిపి ఎక్కింపవలెనని షరతు పెట్టి తన బలమును దుర్వినియోగము చేసెనని తీర్పు. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ ఆ జరిమానాను నిలిపి, కమిషన్ ఇచ్చిన ఆదేశములలో నాలుగింటిని కొట్టివేసెను. న్యాయస్థానములలో ఈ వాదము ఎట్లు ముగిసినను, ప్రశ్న చిన్నది కాదని మనకు తెలిసినది.

మనము చేయవలసినది

కంపెనీలను మార్చుట మన చేతిలో లేదని ఊరకుండనక్కరలేదు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేతవారి సహకార సంఘమును స్థాపించినప్పుడు ఒంటరి నేతగానికి సంతలో బలము లేదని అందరికిని తెలిసియే ఉండెను. ఒక్కనికి లేని బలము పదిమంది కూడినచో కలుగును. మన సంఘములలో కంప్యూటరు తెలిసిన యౌవనస్థులు కలరు. నెలకొక ఆదివారము ఆరాధన తరువాత ఒక గంట కూర్చుండి, క్రొత్తగా లాప్‌టాపో ఫోనో కొన్న కుటుంబమువారికి దానిని శుభ్రము చేసి ఇచ్చినచో అదియు పరిచర్యయే.

కొనుటకు పోవునప్పుడు తెలిసినవానిని వెంటబెట్టుకొని పొండి. సొమ్ము చెల్లింపకముందే అడుగుడి: ఇందులో గడువుతో నిలిచిపోవునవి ఏవి? తీసివేయుటకు వీలులేనివి ఏవి? నాకు మిగులు స్థలమెంత? అంగడివాడు విసుగుకొనినను అడుగుడి. పదిమంది అడిగినచో పదునొకండవవానికి అతడే ముందుగా చెప్పును.

ఇంటికి తెచ్చిన తరువాత సెట్టింగ్సులో యాప్‌ల జాబితా తెరచి, అక్కరలేనివానిని ఒక్కొక్కటిగా తీసివేయుడి. ఇక్కడ మత్తయి సువార్తలోని గురుగుల ఉపమానము జ్ఞాపకముంచుకొనుడి. గురుగులు పెరుకుచు గోధుమలను కూడ పెరికివేయుదురేమో అని యజమానుడు దాసులను ఆపెను. యంత్రములో శబ్దమును, తెరను, ముద్రణయంత్రమును నడిపించు సాధనములు కూడ తెలియని పేర్లతో ఉండును. పేరు తెలియనిదెల్ల గురుగు కాదు. తెలియనిదానిని తెలిసికొనువరకు ముట్టకుడి.

మరియొక అపాయమున్నది. కంప్యూటరును ఉచితముగా శుభ్రపరతుమని చెప్పు సాధనములు కొన్ని ఇంటర్నెట్టులో దొరకును. వాటిని ఎక్కించుకొనినచో, వాటివెంట అంతకంటె చెడ్డవి లోనికి రావచ్చును. ఊడ్చి అమర్చిన ఖాళీ ఇంటిలోనికి ఏడు దయ్యములను వెంటబెట్టుకొని తిరిగివచ్చిన అపవిత్రాత్మ కథ ప్రభువు ఊరక చెప్పలేదు. యంత్రముతో వచ్చిన మార్గముననే శుభ్రము చేసికొనుడి. అపరిచితుని చీపురు పుచ్చుకొనకుడి.

మన సంఘస్థులలో ఫోను దుకాణములు పెట్టుకొనినవారు, వాటిలో పనిచేయువారు కూడ కలరు. వారికి ప్రేమతో ఒక మాట. కొనువాని ఫోనులో యాప్‌లు ఎక్కించినందుకు ఎవరైన మీకు కమీషన్ ఇచ్చినచో, ఆ సంగతి కొనువానికి చెప్పి, అతడు సరే అనిన తరువాతనే చేయుడి. ఆదోని యార్డులో బోరెము అడుగున తడి ప్రత్తి దాచినవానిని మనము మెచ్చుకొనము గదా! దుకాణపు బల్ల వెనుక నిలిచినవానికి వేరొక ధర్మశాస్త్రము లేదు.

చివరిగా, ఈ ఆలోచన మన హృదయములను కూడ తాకుచున్నది. మనము ఎవరమును ఖాళీ పలకవలె ఈ లోకమునకు రాలేదు. మనము అడుగకముందే మనలో ఎన్నో ఎక్కింపబడినవి. తల్లి భాష, దయ, కష్టపడు అలవాటు. వీటికొరకు దేవునికి స్తోత్రము. వాటితో కూడ కులమును గూర్చిన తలంపులు, ఆడపిల్లను తక్కువ చేయు మాటలు, ఎవరి ఇంట నీళ్లు త్రాగవచ్చును, ఎవరి ఇంట త్రాగరాదు అను లెక్కలు. ఇవియు మనము కోరనివే. తండ్రులనుండి వచ్చిన వ్యర్థమైన నడతనుండి మీరు విడిపింపబడితిరని పేతురు తన మొదటి పత్రికలో వ్రాసినప్పుడు ఇట్టివాటినే తలంచెనేమో. లోపలికి వచ్చుటలో మన తప్పు లేదు. అవి ఉన్నవని తెలిసిన తరువాత ఉంచుకొనుటకు మాత్రము మనమే ఉత్తరవాదులము. వెలి యంత్రమునకు అడిగిన ప్రశ్ననే వీటికి కూడ అడుగుడి: ఎవరి మేలుకొరకు ఇది ఇక్కడ ఉన్నది?

న్యాయమైన త్రాసు, న్యాయమైన కొలత ఉండవలెనని ధర్మశాస్త్రము ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించినది. ఆ దినములలో త్రాసు కంటికి కనబడెను. నేటి త్రాసు గాజు తెర వెనుక దాగియున్నది. తెర వెనుక దాగినంతమాత్రమున దేవుని యెదుట దాగినదని ఎవరును అనుకొనకుందురు గాక. అమ్మువారు చెప్పి అమ్ముదురు గాక. కొనువారు అడిగి కొందురు గాక. తెలిసినవారు తెలియనివారి ప్రక్కన కూర్చుండి చేట పట్టుదురు గాక.